18 లక్షల మీటర్ల అవతల ఉన్న లేఅవుట్: బ్లెండర్‌లో వ్యూ మాట వినని ఒక కేసు

నేపథ్యం

ఇళ్ల స్థలాల లేఅవుట్లకు త్రీడీ బొమ్మలు, వాక్‌త్రూ వీడియోలు చేసిపెట్టే చిన్న ఆఫీసులకు నేను సాంకేతిక సాయం చేస్తుంటాను. ఎక్కువగా వచ్చే ఫిర్యాదు రెండర్ గురించి అనుకుంటారు చాలామంది. కాదు, వ్యూ గురించే, అంటే తెర మీద మోడల్‌ను చూసే, తిప్పే తీరు గురించి. "జూమ్ అవ్వట్లేదు", "మోడల్ మాయమైంది", "తిప్పితే ఎటో పోతోంది". వీటిలో చాలావరకు ఫోన్లోనే తేలిపోతాయి. ఈ కేసు అలా తేలలేదు కాబట్టే రాస్తున్నాను.

ఆఫీసు విజయవాడ పరిసరాల్లోది. పేర్లు, లేఅవుట్ ఎక్కడుందన్న వివరం చెప్పను. కోఆర్డినేట్లను కూడా గుండు సంఖ్యలకు సవరించాను, అసలు లెక్కకు దానివల్ల తేడా రాదు. పని చేస్తున్న కుర్రాడు సివిల్ డిప్లొమా చదివి, కొన్నేళ్లు ఆటోక్యాడ్‌లో డ్రాఫ్టింగ్ చేసి, తర్వాత త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ నేర్చుకున్నాడు. అంతవరకు అతను చేసినవన్నీ విడి ఇళ్లు. బ్లెండర్ తెరిచి, ఖాళీ సీన్‌లో మధ్య నుంచి కట్టుకుంటూ పోయినవే. సర్వే చేసిన డ్రాయింగ్ మీద త్రీడీ చేయడం ఇదే మొదటిసారి. ల్యాప్‌టాప్‌కి నంప్యాడ్ (కీబోర్డు కుడి పక్కన ఉండే అంకెల కీలు) లేదు. ఈ వివరం ముందుముందు అవసరపడుతుంది.

సమస్య

డ్రాఫ్ట్స్‌మన్ పంపిన డీఎక్స్ఎఫ్ ఫైలును (ఆటోక్యాడ్ డ్రాయింగ్‌ను వేరే సాఫ్ట్‌వేర్లు చదవడానికి వాడే ఫైలు) అతను ఒక్కో లేయర్‌ను ఒక్కో మెష్‌గా (బిందువులు, అంచులు, ముఖాలతో అల్లిన ఆకారంగా) కలిపి బ్లెండర్‌లోకి దిగుమతి చేశాడు. తెర మీద ఏమీ కనిపించలేదు. సీన్‌లో ఉన్నవన్నీ ఒకే తెరలో చూపే హోమ్ కీ నొక్కితే, కొత్త ఫైలులో ముందే ఉండే డిఫాల్ట్ క్యూబ్ కూడా మాయమైంది. ఎలాగో తంటాలు పడి ప్లాన్ ఉన్న చోటికి చేరుకున్నాక జూమ్ ఒక చోట ఆగిపోయేది. చక్రం ఎంత తిప్పినా ముందుకు పోదు. ప్యాన్ చేస్తే, అంటే వ్యూను పక్కకు జరిపితే, వెంట్రుకవాసి కదిలేది. ఆర్బిట్ చేస్తే, అంటే వ్యూను చుట్టూ తిప్పితే, లేఅవుట్ మొత్తం విసురుగా తెర బయటికి వెళ్లిపోయేది. వీటన్నిటికీ తోడు, దగ్గరికి వెళ్లినప్పుడు గీతలు వణికేవి. ప్రహరీ గోడ గీతలు తిన్నగా ఉండాల్సింది పోయి మెట్లుమెట్లుగా కనిపించేవి.

అతను నాతో అన్నది ఒకే మాట: "సార్, వ్యూ పాడైంది." డ్రాఫ్ట్స్‌మన్‌ని అడిగితే ఆయన జవాబు ఇంకోలా ఉంది. "ఆటోక్యాడ్‌లో శుభ్రంగా ఉంది సార్. డ్రాయింగ్‌లో ఏ తప్పూ లేదు, మీ సాఫ్ట్‌వేర్‌దే ప్రాబ్లం."

ఇద్దరూ నిజమే చెప్పారు. చిక్కంతా అక్కడే ఉంది.

అప్పటికే చేసి చూసినవి

నా దగ్గరికి వచ్చేలోపు అతను గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేశాడు, ఫలితం లేదు. తర్వాత ఏదో వీడియోలో చూసి, సైడ్‌బార్‌లోని వ్యూ ట్యాబ్‌కి వెళ్లి క్లిప్ విలువలు మార్చాడు. వ్యూపోర్ట్‌లో మామూలుగా క్లిప్ స్టార్ట్ 0.01 మీటరు, క్లిప్ ఎండ్ 1000 మీటర్లు ఉంటాయి. ఈ రెండింటి మధ్య దూరంలో ఉన్నవే కనబడతాయి. అతను ఎండ్‌ను కోట్లలోకి పెంచి, దగ్గరివి తెగిపోకూడదని స్టార్ట్‌ను ఇంకా తగ్గించాడు. మోడల్ కనబడింది కానీ రోడ్డు, దాని మీది తెల్ల గీతలు ఒకదానిలోంచి ఒకటి మెరవడం మొదలైంది. అలా జరగడం సహజమే. ఏది ముందుంది ఏది వెనకుంది అని లెక్కకట్టే డెప్త్ బఫర్‌లో సున్నితత్వమంతా స్టార్ట్‌కు దగ్గర్లోనే ఖర్చవుతుంది. ఎండ్‌ను పెంచడం కన్నా స్టార్ట్‌ను తగ్గించడమే ఎక్కువ చెరుపు చేస్తుంది. దూరపు వస్తువులు కనబడాలంటే ఎండ్ పెంచవచ్చు కానీ దాంతోపాటు స్టార్ట్‌ను కూడా పైకి జరపాలి.

మూడోది, పూర్తిగా కొత్త ఫైలు తెరిచి మళ్లీ దిగుమతి చేయడం. అంతా మళ్లీ అలాగే వచ్చింది. ఇది విఫలమైన ప్రయత్నమే అయినా నాకు పనికొచ్చిన సమాచారం ఇదే: తప్పు ఎక్కడున్నా డీఎక్స్ఎఫ్‌తో పాటే వస్తోంది.

ఫిర్యాదును విడదీయడం

"వ్యూ పాడైంది" అన్నదాన్ని అలాగే పట్టుకుంటే ఎటూ పోలేం. అందుకని ముందు లక్షణాలను వేరుచేశాను.

బ్లెండర్ వ్యూపోర్ట్ తన చూపును మూడు విషయాలుగా గుర్తుపెట్టుకుంటుంది: ఏ బిందువును చూస్తోంది, ఆ బిందువుకు ఎంత దూరంలో ఉంది, ఏ వైపు తిరిగి ఉంది. పైథాన్‌లో వీటి పేర్లు వ్యూ లొకేషన్, వ్యూ డిస్టెన్స్, వ్యూ రొటేషన్. ఆ బిందువు తెర మీద కనబడదు, కానీ కదలికలన్నీ దాని చుట్టూనే. జూమ్ చేస్తే ఒక్కో మెట్టుకు మిగిలిన దూరంలో కొంత వంతు తగ్గుతుంది. కాబట్టి బిందువు దగ్గరపడే కొద్దీ అడుగు చిన్నదై, చివరికి ఆగినట్టే ఉంటుంది. ప్యాన్ వేగం కూడా ఆ దూరాన్ని బట్టే. దూరం సున్నాకి దగ్గరైతే ప్యాన్ కూడా చచ్చుబడుతుంది. ఆర్బిట్ ఆ బిందువు చుట్టూ జరుగుతుంది కనుక, మోడల్ ఒకచోట, బిందువు మరోచోట ఉంటే మోడల్ గిర్రున తెర దాటిపోతుంది. అంటే జూమ్ ఆగడం, ప్యాన్ మొరాయించడం, ఆర్బిట్ విసరడం ఈ మూడూ వేర్వేరు జబ్బులు కావు. కేంద్రం తప్పిపోయిందనడానికి మూడు గుర్తులు.

మోడల్ తెగి కనబడటం లేదా అసలు కనబడకపోవడం క్లిప్ పరిధికి సంబంధించినది. ఇక గీతల వణుకు, మెట్లు ఈ రెండు కారణాల్లో దేనికీ చెందవు. కేంద్రం తప్పినా గీత వంకర పోదు.

అందుకే మొదట తేలిక పని చేయించాను. అవుట్‌లైనర్‌లో (సీన్‌లోని వస్తువుల జాబితాలో) రోడ్ల మెష్‌ను ఎంచుకుని, వ్యూ మెనూలోని ఫ్రేమ్ సెలెక్టెడ్ నొక్కమన్నాను. అది చూపు కేంద్రాన్ని ఎంచుకున్న వస్తువు మీదికి తెస్తుంది. నంప్యాడ్ ఉంటే అందులోని చుక్క కీ ఇదే పని చేస్తుంది. అతని ల్యాప్‌టాప్‌లో ఆ కీ లేకపోవడం వల్ల ఇంతకాలం ఈ ఆదేశమే అతనికి పరిచయం కాలేదు. ప్రిఫరెన్సెస్‌లో ఎమ్యులేట్ నంప్యాడ్ ఆన్ చేస్తే పై వరస అంకెలు నంప్యాడ్‌లా పనిచేస్తాయి కానీ, ఎడిట్ మోడ్‌లో వర్టెక్స్ (మూల బిందువు), ఎడ్జ్ (అంచు), ఫేస్ (ముఖం) మార్చుకునే 1, 2, 3 కీలు పోతాయి. మోడలింగ్ చేసేవాళ్లకు అది నష్టం బేరమే. ఎస్కేప్ కింది కీ నొక్కితే వచ్చే గుండ్రటి మెనూలో వ్యూ సెలెక్టెడ్ ఉంది, దాన్నే వాడమన్నాను. నావిగేషన్ విభాగంలో ఆర్బిట్ అరౌండ్ సెలెక్షన్, ఆటో డెప్త్ కూడా ఆన్ చేయించాను. మొదటిది ఎంచుకున్న వస్తువును కేంద్రం చేసుకుని తిప్పుతుంది. రెండోది మౌస్ కింద ఉన్న ఉపరితలం ఎంత దూరమో చూసి దాన్ని బట్టి కదులుతుంది.

జూమ్ వచ్చింది. ప్యాన్ వచ్చింది. ఆర్బిట్ చేస్తే లేఅవుట్ తెరలోనే ఉంది. కానీ వణుకు తగ్గలేదు, మెట్లు మెట్లుగానే ఉన్నాయి. హోమ్ నొక్కితే మళ్లీ శూన్యం. ఇక్కడ ఆపేసి "ఫ్రేమ్ సెలెక్టెడ్ వాడుకో" అని చెప్పి పంపేవాళ్లు ఉంటారు. పని నడిచిపోయేదే, కాకపోతే తప్పు కొలతలతో నడిచేది.

క్యూబ్ పరీక్ష

గ్రాఫిక్స్ కార్డా, డేటానా అన్నది తేల్చడానికి ఒకే ఒక్క విషయం మారే పరీక్ష కావాలి. షిఫ్ట్-సి నొక్కి త్రీడీ కర్సర్‌ను ఆరిజిన్‌కు (0,0,0 బిందువుకు) తెచ్చి, అక్కడ ఒక క్యూబ్ పెట్టించి, దాన్ని ఫ్రేమ్ చేసి తిప్పించాను. వెన్నలా తిరిగింది. అదే క్యూబ్‌ను లేఅవుట్ పక్కకు జరిపి తిప్పించాను. వణికింది. అదే కార్డు, అదే ఫైలు, అదే క్యూబ్. మారింది చోటు ఒక్కటే.

అప్పుడు ఎడిట్ మోడ్‌లో ఒక వర్టెక్స్ పట్టుకుని దాని గ్లోబల్ కోఆర్డినేట్లు చదవమన్నాను. ఎక్స్ సుమారు 4,62,000, వై సుమారు 18,24,000. చూడగానే అర్థమైంది, ఇవి యూటీఎం కోఆర్డినేట్లు, భూమిని జోన్లుగా విడగొట్టి చోటును మీటర్లలో చెప్పే పద్ధతివి. డీజీపీఎస్‌తో (మరింత కచ్చితమైన జీపీఎస్‌తో) సర్వే చేసిన డ్రాయింగ్ అది. మన దగ్గర జోన్ 44 ఉత్తరం, దాని మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు రేఖాంశం. మధ్యరేఖ దగ్గర ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత, ఇక్కడ ఎక్స్) 5,00,000 మీటర్లుగా పెట్టుకుంటారు. నార్తింగ్‌ను (ఉత్తరం వైపు కొలతను, ఇక్కడ వై) భూమధ్యరేఖ నుంచి లెక్కిస్తారు. ఆ ప్రకారం బ్లెండర్ ఆరిజిన్ అంటే భూమధ్యరేఖ మీద, మాల్దీవుల దక్షిణ కొసకు తూర్పున, నడి హిందూ మహాసముద్రంలో ఒక చోటు. డిఫాల్ట్ క్యూబ్ అక్కడుంది, లేఅవుట్ విజయవాడ దగ్గరుంది. మధ్యలో సుమారు 1,880 కిలోమీటర్లు. హోమ్ కీ రెండింటినీ ఒకే తెరలో ఇరికించబోయింది, క్లిప్ ఎండ్ 1000 మీటర్ల దగ్గర చూపు ఆగిపోయింది, తెర ఖాళీ అయింది. హోమ్ తన పని తాను సక్రమంగానే చేసింది.

గోడలు చెప్పిన సాక్ష్యం

దూరంగా ఉంటే వణకడం ఎందుకు? బ్లెండర్ వర్టెక్స్ స్థానాలను 32 బిట్ల ఫ్లోట్‌లుగా (దశాంశ సంఖ్యలను దాచే ఒక పద్ధతిలో) దాచుకుంటుంది. అందులో స్థూలంగా ఏడు అంకెల వరకే నమ్మకం. విలువ పెద్దదయ్యే కొద్దీ దాచుకోగలిగిన పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం పెరుగుతుంది. 2,62,144 నుంచి 5,24,288 మధ్య ఆ ఎడం మీటరులో 32వ వంతు, అంటే 3.1 సెంటీమీటర్లు. 10,48,576 నుంచి 20,97,152 మధ్య మీటరులో 8వ వంతు, అంటే 12.5 సెంటీమీటర్లు. మన ఈస్టింగ్ మొదటి పరిధిలో పడుతుంది, నార్తింగ్ రెండో పరిధిలో పడుతుంది.

ఈ లెక్క నిజమైతే పాడు రెండు దిక్కుల్లో ఒకేలా ఉండకూడదు. ఉత్తర దక్షిణాల కొలతలు తూర్పు పడమర కొలతల కన్నా నాలుగు రెట్లు మొరటుగా ఉండాలి. దీన్ని పరీక్షించడానికి వాస్తు సాయపడింది. మన లేఅవుట్లలో ప్లాట్లను వీలైనంతవరకు దిక్కులకు సరిగ్గా వేస్తారు కదా, ప్రహరీలన్నీ అయితే తూర్పు పడమరగానో లేకపోతే ఉత్తర దక్షిణంగానో ఉన్నాయి. తూర్పు పడమరగా సాగే గోడ మందం ఉత్తర దక్షిణ దిశలో పడుతుంది. 9 అంగుళాల గోడ అంటే సుమారు 23 సెంటీమీటర్లు. అది 12.5 కానీ 25 కానీ అయి తీరాలి. నాలుగున్నర అంగుళాల గోడ, అంటే 11.4 సెంటీమీటర్లది, 12.5 అవుతుంది, లేదా రెండు ముఖాలూ అతుక్కుపోయి సున్నా అవుతుంది.

కొలిపించాను. తూర్పు పడమర గోడల్లో 25, 12.5 తప్ప మరో సంఖ్య లేదు. కొన్ని నాలుగున్నర అంగుళాల గోడలకు మందమే లేదు. ఉత్తర దక్షిణ గోడలు మాత్రం చూపుకు దాదాపు బాగానే ఉన్నాయి. దీని తర్వాత ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

వ్యూ వణకడానికి కూడా ఇదే మూలం. తిప్పినప్పుడల్లా కెమెరా స్థానాన్ని, వస్తువు స్థానాన్ని ఒకదానిలోంచి ఒకటి తీసేయాలి. రెండూ లక్షల్లో ఉన్న మొరటు సంఖ్యలు, మిగిలేది చిన్న తేడా. ఆ తేడా ఫ్రేము ఫ్రేముకూ అటూఇటూ గంతులేస్తుంది.

ఆటోక్యాడ్‌లో ఎందుకు బాగుందో కూడా దీంతో తేలింది. అది 64 బిట్ల సంఖ్యలు వాడుతుంది, పదిహేను అంకెల దాకా నిలుపుకుంటుంది. 18 లక్షల మీటర్ల దగ్గర కూడా దానికి మిల్లీమీటరు పెద్ద విషయమే కాదు. డ్రాఫ్ట్స్‌మన్ మాట అక్షరాలా నిజం.

పనికిరాని దారి

అయితే లేఅవుట్‌ను ఆరిజిన్‌కు జరిపితే సరి కదా అని కుర్రాడు అడిగాడు, అడగడమే కాదు చేసి చూపించాడు. బ్లెండర్‌లోనే లేఅవుట్ మెష్‌లన్నీ ఎంచుకుని ఎక్స్‌లో మైనస్ 4,62,000, వైలో మైనస్ 18,24,000 జరిపాడు. హోమ్ పనిచేయడం మొదలైంది కాబట్టి పని అయిపోయినట్టే కనిపించింది. కానీ మెట్లు అలాగే ఉన్నాయి, వణుకూ పోలేదు. అతను జరిపింది ఆబ్జెక్టును. మెష్ లోపలి వర్టెక్సులు ఇంకా లక్షల్లోనే ఉన్నాయి, ఆబ్జెక్టు స్థానం మైనస్ లక్షల్లోకి వెళ్లింది, అంతే. అప్లై లొకేషన్ చేశాక, అంటే ఆ జరుపును వర్టెక్సుల్లోకే కలిపాక, వణుకు ఆగింది. మెట్లు మాత్రం ఆగలేదు. దిగుమతి అయిన క్షణంలోనే 11.4 సెంటీమీటర్లు సున్నా అయిపోయింది. పోయిన అంకెలు తర్వాత ఎక్కడికి జరిపినా తిరిగి రావు.

వీటన్నిటిలో ప్రమాదకరమైన స్థితి ఇదేనని నా అభిప్రాయం. వ్యూ హాయిగా తిరుగుతుంది, జూమ్ అవుతుంది, ఎవరికీ అనుమానం రాదు, గోడలు మాత్రం తప్పు.

పనిచేసిన దారి

తీసివేత అన్నది 64 బిట్లు ఉన్న చోటే జరగాలి. అంటే ఆటోక్యాడ్‌లో, దిగుమతికి ముందు.

అసలు డ్రాయింగ్‌ను ముట్టుకోకుండా కాపీ తీయించాను. సర్వే ఫైలు యూటీఎంలోనే ఉండి తీరాలి, అనుమతుల కాగితాలకు అదే ఆధారం. కాపీలో ముందు లేయర్లన్నీ థా చేసి (ఫ్రీజ్ తీసి), అన్‌లాక్ చేయించాను. ఆల్ అని ఎంచుకున్నా ఫ్రీజ్ చేసినవి, లాక్ చేసినవి కదలవు. అవి అక్కడే మిగిలితే సగం లేఅవుట్ ఇక్కడ, సగం అక్కడ అవుతుంది. తర్వాత మూవ్ ఆదేశానికి బేస్ పాయింట్ 462000,1824000, గమ్యం 0,0.

బేస్ పాయింట్‌గా ప్లాట్ మూలనో, గేటు మూలనో తీసుకుందామని డ్రాఫ్ట్స్‌మన్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. లేఅవుట్ సవరణలో ఆ మూల జరగవచ్చు, అప్పుడు పాత మోడల్‌కు కొత్త డ్రాయింగ్ అతకదు. వేలల్లో గుండు సంఖ్య అయితే ఏ సవరణ వచ్చినా అదే వాడొచ్చు, నోటి లెక్కతో వెనక్కి వెళ్లొచ్చు. ఆరిజిన్ సైటుకు కొన్ని వందల మీటర్లు పక్కన పడినా ఫర్వాలేదు. 700 మీటర్ల దగ్గర ఫ్లోట్ ఎడం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ రెండు సంఖ్యలనూ ప్లాన్ పక్కన టెక్స్ట్‌గా రాయించాను, ఫైలు పేరులో కూడా పెట్టించాను.

రెండు చిన్న చిక్కులు వచ్చాయి. మొదటిది, మూవ్ అయ్యాక, డ్రాయింగ్ మొత్తాన్ని తెరలో చూపే జూమ్ ఎక్స్‌టెంట్స్ కొడితే తెర ఖాళీ. వెతికితే పాత 0,0 దగ్గర ఎప్పటిదో ఒక టెక్స్ట్ ముక్క ఉంది. దాన్ని కూడా అన్నిటితోపాటు మూవ్ చేశాం కాబట్టి అది ఇప్పుడు మైనస్ లక్షల్లో ఉంది. డ్రాఫ్ట్స్‌మన్ ఎప్పుడూ సేవ్ చేసుకున్న నేమ్డ్ వ్యూతోనే ప్లాన్‌కు వెళ్తుండటంతో ఇన్నాళ్లూ అది ఆయన కంటపడలేదు. తీసేశాం.

రెండోది కాస్త సూక్ష్మమైనది. బ్లెండర్‌లోకి తెచ్చాక అంతా నిమ్మళంగా ఉంది, ఒక్క ముఖద్వారం ఆర్చ్ మాత్రం వణుకుతోంది. అది బ్లాక్, అంటే ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపు. దాన్ని సైటు మీదే గీసి, బేస్ పాయింట్ 0,0 పెట్టి బ్లాక్ చేశారు. మూవ్ చేస్తే కదిలింది ఇన్సర్షన్ పాయింట్ (బ్లాక్‌ను నిలిపిన బిందువు) మాత్రమే, బ్లాక్ లోపలి గీతలు ఇంకా 18 లక్షల దగ్గరే ఉన్నాయి. ఆటోక్యాడ్‌లో దాన్ని ఎక్స్‌ప్లోడ్ చేసి (విడి గీతలుగా విడగొట్టి), ఆర్చ్ పాదం మూలను బేస్‌గా తీసుకుని మళ్లీ బ్లాక్ చేయించాను. ఆ తర్వాత వణుకు లేదు.

గోడలు మళ్లీ కొలిస్తే 9 అంగుళాలవి రెండు దిక్కుల్లోనూ 9 అంగుళాలే. క్లిప్ విలువలను మామూలు స్థాయికి తెచ్చేశాం, లేఅవుట్ మొత్తం ఒకేసారి చూడాల్సినప్పుడు ఎండ్ కొంచెం పెంచుకుంటే చాలు.

దీని తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరు వ్యూ గురించి ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: ఏదో ఒక వర్టెక్స్ ఎంచుకుని దాని కోఆర్డినేట్ చదవండి. ఆరేడు అంకెలు వస్తే వ్యూ సెట్టింగుల జోలికి వెళ్లను. చిన్న సంఖ్య వస్తే ఫ్రేమ్ సెలెక్టెడ్ చెప్తాను, పది నిమిషాల్లో అయిపోతుంది.

ఆ ఆఫీసులో దిగుమతికి ముందు జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టి చూడటం అలవాటు చేశారు. ప్లాన్ తెర నిండా వస్తే సరే, చుక్కలా వస్తే దిగుమతి ఆపాలి. యూనిట్లు కూడా అప్పుడే చూస్తారు. సర్వే వాళ్లది మీటర్లలో, ఆర్కిటెక్ట్ ఇంటి ప్లాన్ మిల్లీమీటర్లలో ఉంటుంది. చూడకుండా కలిపితే 12 మీటర్ల ఇల్లు 12 కిలోమీటర్లవుతుంది, మళ్లీ "వ్యూ పాడైంది" అనే ఫోనే వస్తుంది. ఒక ప్లాట్ మీద పనిచేసేటప్పుడు మిగతాది అడ్డు రాకుండా లోకల్ వ్యూ వాడటం, క్లయింటుకు చూపించే కోణాలకు ఒక్కోదానికి ఒక్కో కెమెరా పెట్టి భద్రపరచడం కుర్రాడు తనంతట తనే మొదలుపెట్టాడు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. లేఅవుట్‌కు ఒక స్థానిక ఆరిజిన్ సరిపోతుంది. 10 కిలోమీటర్ల దూరంలో కూడా ఎడం మిల్లీమీటరు దగ్గరే ఉంటుంది. కానీ అదే ఆఫీసుకు ఈమధ్య ఒక కాలువ పొడవునా వాక్‌త్రూ చేసే పని వచ్చింది, దాని నిడివి వంద కిలోమీటర్ల దాకా ఉంది. ఒక కొసన ఆరిజిన్ పెడితే రెండో కొసన ఎడం 8 మిల్లీమీటర్లకు చేరుతుంది. కాలువ గట్టుకు అది లెక్కలోకి రాదు, దాని మీది వంతెన రెయిలింగ్‌కు మాత్రం వస్తుంది. అందుకని కాలువను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో గుండు సంఖ్య ఆరిజిన్‌తో విడి ఫైళ్లుగా చేయమన్నాను. ముక్కలు కలిసే చోట రెండు ఫైళ్లలోనూ కొంత మేర ఉమ్మడిగా ఉంచమన్నాను. మొదటి ముక్క ఇప్పుడు తయారవుతోంది.